వెనక సీటు

కానుగ చెట్టు కింద నీళ్లు చల్లి షెడ్డు రేకుతలుపు పైకి తోసేసరికి ఎనిమిదిన్నర అయింది. మౌలాలి రోజూ చేసే పనులు రోజూ చేసే వరసలోనే చేశాడు. రాలిన ఆకులు ఊడ్చాడు. పక్క దొడ్లో విగ్రహాలు చెక్కేవాళ్ల దగ్గర నుంచి నిన్న సాయంత్రం దాకా ఎగిరొచ్చి పడిన రాతిపొడిని పనిముట్ల పెట్టె మీద నుంచి పాతగుడ్డతో తుడిచాడు. గోనెపట్టా పరిచి, దాని మీద స్పానర్లను పెద్దది మొదలు చిన్నదాకా పేరుస్తూ వచ్చాడు. పన్నెండో నంబరు దగ్గర చెయ్యి ఆగింది. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు నొప్పి పాకింది. అది పోయేదాకా కదలకుండా ఉండి, తర్వాత పదో నంబరు తీసుకున్నాడు.

యాభై ఏడేళ్ల మనిషి. పొట్టి. నలభై నాలుగేళ్లు బండ్ల కింద దూరి దూరి నడుము కాస్త ముందుకే ఉండిపోయింది. గడ్డం తెల్లబడింది గానీ కొసలు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి, ఆయిలు చేత్తో దువ్వుకునే అలవాటు వల్ల. కళ్లజోడు ఒక కాడకు రాగితీగ చుట్టి ఉంటుంది. ఆళ్లగడ్డలో అతని చేతి కింద నడవని పాత జీపు లేదు, అతని ఇంటిపేరు తెలిసిన డ్రైవరూ లేడు. అందరికీ అతను 'మెకానిక్ బాయ్' అంతే.

ఆ నొప్పి వచ్చి ఇరవై రోజులైంది. అడిగిన వాళ్లందరికీ గ్యాసని చెప్పాడు. భార్య మైమూనా వాము నీళ్లిచ్చింది, సోడా తెప్పించింది, చివరికి ఓపిక పట్టలేక నంద్యాలలో ఉన్న కూతురికి ఫోను చేసింది. నౌషీన్ అక్కడొక ప్రైవేటు ఆస్పత్రిలో టోకెన్లు రాసే బల్ల దగ్గర పనిచేస్తుంది. గుండె డాక్టరు కర్నూలు నుంచి గురువారం ఒక్కరోజే వస్తాడు, రెండు గంటల దాకానే కూర్చుంటాడు. ఆ పిల్ల తండ్రి పేరు మీద పంతొమ్మిదో నంబరు రాసి పెట్టింది.

ఈరోజు గురువారం. పదకొండు గంటల బస్సెక్కితే పన్నెండున్నరకల్లా ఆస్పత్రిలో ఉంటాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా సంచిలో పెట్టి, జొన్నరొట్టె, చెనక్కాయల చట్నీ టిఫిను డబ్బాలో సర్ది, ఈ ఒక్కరోజు షెడ్డు తెరవొద్దని మైమూనా మరీ మరీ చెప్పి పంపింది. రెండు గంటలు ఖాళీగా కూర్చుని బస్సు కోసం ఎదురుచూడటం మాత్రం అతనికి చేతకాలేదు. సంచిని మేకుకు తగిలించి తలుపు తెరిచాడు. అలవాటంత గట్టి గొలుసు ఇంకోటి లేదు.

తొమ్మిదిన్నరకు నలుగురు మనుషులు ఒక తెల్లకారును తోసుకుంటూ వచ్చారు. దాని యజమాని శివనాగిరెడ్డి, నంద్యాలలో విత్తనాల అంగడి. నెల కిందటే ఎవరి దగ్గరో పాతకారు కొన్నాడు. తెల్లవారుజామున తల్లి జయలక్ష్మమ్మను అహోబిలం తీసుకుపోయి, దర్శనం చేయించుకుని తిరిగి వస్తూ బస్టాండు దగ్గర టీకి ఆగాడట. టీ తాగి వచ్చి చూస్తే బండి మొండికేసింది.

"సెల్ఫ్ కొడ్తాంది బాయ్, స్టార్టయితే కాల్యా," అన్నాడు శివనాగిరెడ్డి.

తనకు పదకొండు గంటల బస్సు ఉందనీ, నంద్యాల ఆస్పత్రిలో పని ఉందనీ, ఇంకెవరికైనా చూపించుకోమనీ మౌలాలి చెప్పాడు. రెడ్డి పెద్దగా నవ్వాడు.

"నేనూ ఆడికే కదప్పా పోయేది! బండి కానీ. ఏసీ ఏసుకోని పోదాం. ఆస్పత్రి వాకిట్లో దింపి పోతా."

ఆ మాట మౌలాలికి నచ్చింది. బస్సులో నిలబడి పోవాల్సిన పని లేదు. మామూలుగా ఇలాంటిది అరగంట పని. పదిన్నరకు బయలుదేరినా అందరికంటే ముందే ఆస్పత్రిలో ఉండొచ్చు. చొక్కా చేతులు మడిచి నేరుగా బానెట్ ఎత్తాడు.

తప్పు అక్కడే జరిగింది.

నంద్యాలలో అతనికి పని నేర్పిన జిలానీ ఉస్తాద్ ఒక విచిత్రమైన మనిషి. చదువు లేదు, కోపం మాత్రం మెండు. ఆయన పెట్టిన నియమాలన్నిట్లో మొదటిది ఇది: "బానెట్ ఎత్తే ముందు నోరెత్తు." బండి ఆగకముందు ఏం జరిగింది, ఎక్కడ ఆపారు, ఎవరు ముట్టుకున్నారు అని అడక్కుండా స్పానరు పట్టుకుంటే ఆ స్పానరుతోనే మెటికల మీద కొట్టేవాడు. బండికి నోరు లేదు కాబట్టి దాన్ని తోలేవాడి నోరే దాని నోరని ఆయన లెక్క. ఒకసారి అహోబిలం జీపు ఒకటి ఎంతకీ కదలకపోతే, మౌలాలి కదిపి కదిపి అడగ్గా, రాత్రి పెండ్లివాళ్లు ట్యాంకులో ఏదో పోశారని డ్రైవరు తలొంచుకుని ఒప్పుకున్నాడు. సగం బండ్లు ఆ ప్రశ్నతోనే బాగయ్యేవి. నలభై నాలుగేళ్లలో అతను ఆ ప్రశ్న మానలేదు. ఈరోజు మానాడు. బస్సు, డాక్టరు, రెండు గంటలు, ఇవే మనసులో తిరుగుతుంటే నోరు మూతపడి చేతులు ముందుకు పోయాయి.

రెడ్డిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి తాళం తిప్పమన్నాడు. ఇంజను గిరగిరా తిరుగుతోంది, అంటుకోవడం లేదు. బ్యాటరీ బాగుంది. ఒక ప్లగ్గు విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పొడిగా ఉంది, పెట్రోలు వాసన లేదు. దాన్నే ఇంజను ఇనుముకు ఆనించి మళ్లీ తిప్పించాడు. నిప్పురవ్వ లేదు. పెట్రోలూ రాలేదు, నిప్పూ రాలేదు. రెండూ ఒకేసారి ఎందుకు చస్తాయి? ఆ ఆలోచన దగ్గర ఇంకాసేపు నిలబడి ఉంటే బాగుండేది. నిలబడలేదు. ముందు పెట్రోలు సంగతి చూద్దామని వెనక్కి పోయాడు.

తాళం తిప్పగానే ట్యాంకులో పంపు రెండు క్షణాలు సన్నగా గురక పెట్టాలి. వెనక తలుపు తీసి చెవి పెట్టాడు. ఏమీ లేదు. పంపు వెనక సీటు కింద ఉంటుంది. సీటు కొసలు రెండు చేతులతో పట్టుకుని పైకి గుంజాడు. క్లిప్పులు పటపటమని ఊడాయి గానీ దాంతోపాటే ఎదలో ఏదో పట్టేసింది. సీటును అలాగే పొట్టకు ఆనించుకుని, కళ్లు మూసుకుని, పది అంకెలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత మోసుకుపోయి కానుగ చెట్టు కింద, మొదలుకు ఆనుకునేలా పెట్టాడు.

జయలక్ష్మమ్మ దాని మీద కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. దుమ్ము కొట్టుకుపోయిన పాదాలు, ఒళ్లో ప్రసాదాల సంచి. దొన్నెలో పులిహోర పెట్టి అతనికి చాచింది. అతను తలూపి వద్దన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోకుండా ముఖంలోకి చూసింది.

"ఏం నాయనా, మొగం అట్ల తెల్లబారిపోయింది?"

"గ్యాసమ్మా."

"మా ఇంటాయన గూడా గ్యాసనే అన్యాడు," అంది జయలక్ష్మమ్మ.

మౌలాలి ఆ మాట విన్నాడు. వైరు ముక్క కోసం పెట్టె దగ్గరికి పోయాడు.

బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి ఇస్తే పంపు గురక పెట్టింది. పంపు బతికే ఉంది, దానికి కరెంటే రావడం లేదు. ఫ్యూజులు ఒక్కొక్కటీ తీసి వెలుతురుకు ఎత్తి చూశాడు. అన్నీ బాగున్నాయి. కరెంటు కలిపే రిలేలు మార్చి మార్చి పెట్టాడు. పంపును అలా నేరుగా నడిపిస్తూనే తాళం తిప్పించాడు. గిరగిరా తిరిగిందే తప్ప అంటుకోలేదు. ఈలోపు పదకొండు గంటల బస్సు రోడ్డు మీద హారను కొట్టుకుంటూ పోయింది. తల తిప్పి దాని వెనక అద్దం కనిపించినంత దూరం చూశాడు.

ఈ కొత్తరకం బండ్లంటే అతనికి మొదటి నుంచీ కొంచెం కినుక. జీపుకు రోగం వస్తే మూలిగేది, దగ్గేది, పొగ కక్కేది. వీటికి రోగమొస్తే మాట ఉండదు, పలుకు ఉండదు. మాట్లాడించాలంటే స్కానరు కావాలి. అది నంద్యాలలో ఉంది. అతని దగ్గర ఉన్నవి ఒక బల్బు, రెండు వైర్లు, రెండు చెవులు. వాటితోనే ఇంతకాలం నెట్టుకొచ్చాడు. పదేళ్ల కిందట ఈ చెట్టు కింద వరసగా ఐదు బండ్లు ఉండేవి. ఇప్పుడు రోజుకొకటి వస్తే గొప్ప. నెట్టుకొచ్చిన బండిని మాత్రం ఇంతవరకూ తాడు కట్టించి వెనక్కి పంపలేదు.

రెడ్డి కూడా అదే మాట తెచ్చాడు. లాక్కుపోయే బండిని నంద్యాల నుంచి పిలిపిస్తాననీ, అందరం బస్సులో పోదామనీ అన్నాడు. మంచిమాట. ఆ క్షణంలో ఒప్పుకుని ఉంటే పన్నెండు గంటల బస్సు దొరికేది.

"వద్దప్పా, అయిపాయ. ఇంగొక్కటే ఉండేది," అన్నాడు మౌలాలి.

గౌరవించి చెప్పాలంటే దాన్ని పట్టుదల అనొచ్చు. నాకు మాత్రం మూర్ఖత్వం అనే అనాలనిపిస్తుంది, ఆ మనిషంటే ఎంత ఇష్టమున్నా.

గోనెపట్టా ఈడ్చుకుని కారు కిందికి దూరాడు. ఇంజను తిరుగుతోందని మిగతా బండికి చెప్పే చిన్న సెన్సరొకటి కింద ఉంటుంది. దాని బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ పైకెత్తి, స్పానరు మీద ఒంటి బరువంతా వేసి తిప్పాలి. ఒక పట్టు, విరామం. ఇంకో పట్టు, విరామం. నుదుటి చెమట చెవుల్లోకి కారింది. ఎండాకాలం కాదు, చెట్టునీడ ఉంది, అయినా చొక్కా నీళ్లలో ముంచి తీసినట్టయింది. బోల్టు ఊడింది. సెన్సరు తుడిచి, బల్బు పెట్టి చూసి, తిరిగి బిగించాడు. అప్పుడే పన్నెండు గంటల బస్సు పోయింది. కారు కింద నుంచి దాని చక్రాలు మాత్రమే కనబడ్డాయి.

జేబులో ఫోను మోగింది. నౌషీన్. పదకొండో నంబరు లోపలికి పోయిందని చెప్పింది.

"అబ్బాజాన్, యాడుండావ్?"

"వస్తాండానమ్మా. కార్లో వస్తాండా," అన్నాడు. కారు కింద నుంచి చెప్పిన ఆ మాట అబద్ధమని అతనికి అనిపించలేదు.

సెన్సరుతోనూ పని కాలేదు.

ఒంటిగంటకు పావు తక్కువగా ఉండగా మౌలాలి కారు కింద నుంచి బయటికి వచ్చి నిలబడబోయాడు. కాళ్లు నిలవలేదు. రెడ్డి నీళ్లు తాగడానికి దిగి ఉన్నాడు కాబట్టి స్టీరింగు ముందు సీటు ఖాళీగా ఉంది. అందులోకి జారగిలబడ్డాడు. పొద్దున్నుంచి ఆ కారు చుట్టూ తిరిగాడు, పైన చూశాడు, కింద చూశాడు, దాని కడుపులో చెయ్యి పెట్టాడు. దాని ముందు సీట్లో కూర్చోవడం మాత్రం ఇదే మొదలు. ఊపిరి కుదుటపడ్డాక ఊరికే తాళం తిప్పాడు. ఎదురుగా స్పీడు మీటరు అద్దంలో, అంకెల పక్కన, బీగంచెవి, అంటే తాళంచెవి, బొమ్మ ఉన్న ఎర్రదీపం ఒకటి టుక్కు టుక్కుమని వెలిగి ఆరుతోంది.

"ఇది ఎప్పట్నుంచి కొట్టుకుంటాంది?" అని అడిగాడు.

"పొద్దున్నుంచీ," అన్నాడు రెడ్డి, అదేమంత విశేషం కానట్టు.

మౌలాలి తాళం ఆపి మళ్లీ తిప్పాడు, దీపం మళ్లీ కొట్టుకుంది. తర్వాత, తొమ్మిదిన్నరకు అడగాల్సిన ప్రశ్న అడిగాడు. ఈ బీగంచెవిని ఎవరు ముట్టుకున్నారు?

జవాబు చెట్టు కింద నుంచి జయలక్ష్మమ్మ చెప్పింది. కొత్తగా కొన్న బండి కదా, దాని చెవిని స్వామి పాదాల దగ్గర పెట్టించి, పాలూ తేనే అభిషేకం అయ్యేదాకా తీయొద్దని తానే పూజారిని బతిమాలింది. దాంతో చెవి మీది బటన్లు జిగటకు అంటుకుపోయాయి. తలుపులకు లాకు పడకపోయేసరికి రెడ్డి బస్టాండు దగ్గర టీ తాగుతూ, పక్కనే ఉన్న గడియారాల అంగట్లో ఇచ్చాడు. ఆ అంగడి షబ్బీర్ దాన్ని విప్పి, తుడిచి, కొత్త సెల్లు వేసి ఇచ్చాడు. బటన్లు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. ఇంజనుకూ దానికీ ఏం సంబంధమని రెడ్డి చెప్పలేదు.

మౌలాలి బీగంచెవి అందుకుని చిన్న స్క్రూడ్రైవరుతో దాని డొప్ప విప్పాడు. లోపల ఒక మూల పుచ్చకాయ గింజంత గుంత, ఖాళీగా. అందులో ఉండాల్సిన నల్లముక్క లేదు. తుడిచేటప్పుడు జారి అంగట్లోనే పడిపోయి ఉంటుంది. అది లేకపోతే తన మనిషి ఎవరో కారుకు తెలియదు. దొంగ చేతిలో పడ్డాననుకుని పెట్రోలూ నిప్పూ రెండూ ఆపేస్తుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మూడు గంటల పాటు అతను వెతికింది దీన్ని.

కోపం రాలేదు. రెడ్డి మీద అసలే రాలేదు. చెప్పనివాడిది తప్పు కాదు, అడగనివాడిదే. ఉస్తాద్ ఉంటే మెటికల మీద కొట్టేవాడు.

"ఆ నల్లముక్క తెచ్చుకో. ఈ గుంతలో కూచోబెట్టి డొప్ప ఒత్తు, స్టార్టయితాది. నన్ను పిలవాల్సిన పన్ల్యా. బేగా పో," అన్నాడు.

అంగడి పది నిమిషాల దూరం. ఒంటిగంటా పదికి బయలుదేరగలిగితే రెండుకు అటూ ఇటూగా చేరొచ్చు. కూతురికి ఫోను చేసి, డాక్టరును ఒక్క ఐదు నిమిషాలు ఆపమన్నాడు. డబ్బాలో ఉన్న సబ్బుపొడితో మోచేతుల దాకా కడుక్కున్నాడు. షెడ్డు లోపలికి పోయి తెల్లచొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకున్నాడు. వెనక సీటు తిరిగి బిగించాలి. రెండే క్లిప్పులు, రెండు నిమిషాల పని. కాస్త ఊపిరి తీసుకుని బిగిద్దామని టిఫిను డబ్బా పట్టుకుని చెట్టు కిందికి వచ్చాడు. జయలక్ష్మమ్మ సీటు మీద ఒక పక్కకు జరిగి చోటిచ్చింది.

షబ్బీర్ అంగడి మూసి భోజనానికి పోయాడు. రెడ్డి ఆ మెట్ల మీద కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

చెట్టు కింద మౌలాలి ఎప్పుడూ లేనిది నాలుగు మాటలు మాట్లాడాడు. జిలానీ ఉస్తాద్ గురించి చెప్పాడు. పదమూడేళ్లప్పుడు నంద్యాలలో ఆయన షెడ్డులో ఇలాంటి సీట్ల మీదే పడుకునేవాడినని చెప్పాడు. మెత్తగా ఉండేవని, పెట్రోలు వాసనకు బాగా నిద్ర పట్టేదని చెప్పాడు. కూతురి ఉద్యోగం గురించి ఏదో మొదలుపెట్టి, సగంలో ఆపి, తల చెట్టు మొదలుకు ఆనించాడు. కళ్లజోడు ముక్కు మీదికి జారింది. పనిచేసి అలిసినవాడని జయలక్ష్మమ్మ మాట్లాడించలేదు. ముఖం మీద ఈగలు వాలుతుంటే కొంగుతో విసురుతూ కూర్చుంది. చెట్టు అవతల విగ్రహాలవాళ్ల ఉలులు టంగు టంగుమంటున్నాయి. ఆమె చాలాసేపు అలాగే విసిరింది.

రెండుకు పది నిమిషాలు ఉండగా రెడ్డి పరుగున వచ్చాడు. ఆ ముక్క పాత సెల్లుల మధ్య, ఒక టీ గ్లాసులో దొరికిందట. చెప్పినట్టే గుంతలో కూర్చోబెట్టి, డొప్ప ఒత్తి, తాళం తిప్పాడు. అరచుట్టు కూడా తిరక్కముందే ఇంజను అంటుకుంది. అద్దంలో ఎర్రదీపం ఆరిపోయింది.

"బాయ్! స్టార్టాయ!"

"అరవాకురా," అంది తల్లి. "నిద్దర పోతాండాడు."

సీటు మీద ఉన్న ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. అతను లేవకపోతే జయలక్ష్మమ్మ లేపుదామని చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యిని చాలాసేపు వదల్లేదు. భర్త చెయ్యి కూడా ఆమె అలాగే పట్టుకుని ఉండాలి, ఎందుకంటే ఏమీ అడక్కుండానే ఆమెకు తెలిసిపోయింది.

"నాగీ, ఇంజను ఆపొద్దు," అంది మెల్లగా.

పక్క దొడ్లో నుంచి విగ్రహాలు చెక్కేవాళ్లు ఇద్దరు వచ్చి మౌలాలిని ఎత్తారు. సీటు బిగిద్దామంటే ఆ క్లిప్పులు ఎటు పడతాయో ఎవరికీ తెలియలేదు. తెలిసినవాడు వాళ్ల చేతుల మీద ఉన్నాడు. సీటు ఊడిన చోట వట్టి రేకు మీద గోనెపట్టా పరిచి, దాని మీద పడుకోబెట్టారు. వాళ్లలో ఒకడు తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జయలక్ష్మమ్మ ముందు కూర్చుని దారి పొడుగునా వెనక్కే తిరిగి చూస్తూ ఉంది. కారు ఎక్కడా మొరాయించలేదు, ఎక్కడా ఆగలేదు. అన్న మాట ప్రకారం రెడ్డి అతన్ని ఆస్పత్రి వాకిట్లోనే దింపాడు. డాక్టరు అప్పటికే కర్నూలు దారి పట్టాడు. ఉన్నా చేసేదేమీ లేదని నర్సు మణికట్టు పట్టుకోగానే చెప్పింది. టోకెన్ల బల్ల వెనక నుంచి లేచి వచ్చిన నౌషీన్‌కు చెప్పింది.

ఆళ్లగడ్డలో షెడ్డు తలుపు తీసింది తీసినట్టే ఉంది. కానుగ చెట్టు కింద కారు వెనక సీటు ఎక్కడ పెట్టినది అక్కడే ఉంది, దాని మీద మూత తీయని టిఫిను డబ్బా ఉంది, సాయంత్రం దాకా పక్క దొడ్లో నుంచి ఎగిరొచ్చిన రాతిపొడి ఆ రెండింటి మీదా సన్నగా పడుతూ వచ్చింది.